అమెరికా బడిలో స్పానిష్ టీచరు: మాతృభాషకు దక్కే విలువెంత?

అమెరికాలో ఉన్న తెలుగు ఇళ్లలో పిల్లలు ఆరో తరగతికో తొమ్మిదో తరగతికో వచ్చేసరికి ఒక చర్చ మొదలవుతుంది. ఫారిన్ లాంగ్వేజ్ ఏది తీసుకోవాలి? చాలా ఇళ్లలో అది ఐదు నిమిషాల్లోనే తేలిపోతుంది: స్పానిష్. అక్కడి స్కూళ్లలో విదేశీ భాష నేర్చుకునే పిల్లల్లో పదింట దాదాపు ఏడుగురు తీసుకునేది అదే. ఆ తర్వాత తల్లిదండ్రులు వేసే ప్రశ్న కూడా దాదాపు ఒక్కటే. "టీచరు నేటివ్ స్పీకరేనా?"

అవునని తెలిస్తే మనసు కుదుటపడుతుంది. స్పెయిన్ నుంచో మెక్సికో నుంచో వచ్చిన మనిషి కదా, ఇంకేం కావాలి అనుకుంటాం. కానీ ఆ జవాబు వల్ల మనకు తెలిసేది చాలా తక్కువ. అమెరికా స్కూళ్లలో 'స్పానిష్ టీచరు' అన్న ఒక్క పేరు కింద మూడు వేర్వేరు ఉద్యోగాలున్నాయి. ఒకటి, భాష బొత్తిగా రాని పిల్లలకు ఓనమాల నుంచి నేర్పడం. రెండోది, ఇంట్లో స్పానిష్ మాట్లాడుతూ పెరిగిన పిల్లలకు చదవడం, రాయడం నేర్పడం. మూడోది, లెక్కలు, సైన్సు లాంటి పాఠాలనే స్పానిష్‌లో చెప్పడం. మాతృభాష అన్న బలం ఈ మూడింట్లో ఒకేలా పనిచేయదు. ఈ తేడా తెలియకే స్కూళ్లు ఒక పనికి మనిషిని తెచ్చి ఇంకో పనిలో పెడుతుంటాయి. వచ్చిన మనిషి మొదటి ఏడాదంతా తలపట్టుకుంటారు.

'అదంతే' అనే జవాబు

ముందు మొదటి ఉద్యోగం సంగతి. హైస్కూల్లో స్పానిష్ 1, 2, 3 అని నడిచే క్లాసులివి. కొలంబియా రాజధాని బొగొటా నుంచి వచ్చిన టీచరుకు ఇంతకన్నా తేలిక పని ఉండదని పైకి అనిపిస్తుంది. చిత్రం ఏమిటంటే, మాతృభాష బలం అన్నిటికన్నా తక్కువగా అక్కరకొచ్చేది ఇక్కడే.

ఒక ఉదాహరణ చూద్దాం. 'ఉండటం' అనే అర్థానికి స్పానిష్‌లో రెండు క్రియలున్నాయి, సెర్, ఎస్తార్ అని. 'ఎస్ అబుర్రీదో' అంటే అతనో బోరు మనిషి. 'ఎస్తా అబుర్రీదో' అంటే అతనికి ఇప్పుడు బోరు కొడుతోంది. ఈ తేడాకు పాత పాఠ్యపుస్తకాలు ఒక సూత్రం చెప్పేవి: శాశ్వతమైన వాటికి సెర్, తాత్కాలికమైన వాటికి ఎస్తార్. వెనక బెంచీ కుర్రాడు ఊరుకుంటాడా? "మరి చనిపోయాడు అనడానికి 'ఎస్తా ముయెర్తో' అంటారేం? చావు తాత్కాలికమా?" అని అడుగుతాడు. మాతృభాషగా మాట్లాడే మనిషి ఈ రెంటి మధ్య జీవితంలో ఎన్నడూ తడబడి ఉండరు. తడబడలేదు గనకే ఆ ప్రశ్న వాళ్లకు ఎప్పుడూ తట్టలేదు. నోటికొచ్చే జవాబు ఒకటే, 'అదంతే'. ఒక మార్పు జరిగి, దాని ఫలితంగా వచ్చిన స్థితిని ఎస్తార్ చెబుతుందని పెద్దయ్యాక కష్టపడి స్పానిష్ నేర్చుకున్న టీచరు వెంటనే చెప్పగలరు. వాళ్లు ఆ గోతిలో ఒకసారి పడి లేచినవాళ్లే.

మనమైనా అంతే. 'నాకు ఈత వచ్చు' అంటాం, 'నేను ఈత కొడతాను' అంటాం. ఒకచోట 'నాకు', ఇంకోచోట 'నేను' ఎందుకని ఎవరైనా అమెరికన్ అడిగితే మనలో ఎంతమందిమి తడుముకోకుండా చెప్పగలం? మాట్లాడటం వేరు, మాట్లాడేదాన్ని విప్పి చూపించడం వేరు. భాషాబోధన రంగంలో ఇది పాత చర్చే. మాతృభాషగా మాట్లాడేవారే ఉత్తమ టీచర్లన్న నమ్మకానికి 1992లో రాబర్ట్ ఫిలిప్సన్ 'నేటివ్ స్పీకర్ భ్రాంతి' అని పేరు పెట్టాడు. దాదాపు అదే కాలంలో హంగరీకి చెందిన పీటర్ మెద్యెష్, రెండు రకాల టీచర్ల బలాలూ వేరువేరని, ఒకరికి రెండోవారు పోటీ కాదని వాదించాడు. వాళ్లు మాట్లాడింది ఇంగ్లిష్ గురించి. స్పానిష్‌కూ అక్షరం మార్చక్కర్లేదు.

మరి ఈ క్లాసులో మాతృభాష వల్ల లాభమే లేదా అంటే, ఉంది. అమెరికాలో విదేశీ భాషల టీచర్ల సంఘమైన యాక్ట్‌ఫుల్, క్లాసు సమయంలో 90 శాతానికి పైగా నేర్పే భాషలోనే నడవాలని 2010లో చెప్పింది. రోజుకు ఐదారు క్లాసులు, ఒక్కో క్లాసు దాదాపు ముప్పావుగంట, అంతసేపూ ఆపకుండా స్పానిష్‌లో కబుర్లు, కథలు, జోకులు నడపాలంటే భాష నోట్లో ఆడాలి. మాతృభాష టీచరుకు అది ఊపిరి తీసుకున్నంత సులువు. కాకపోతే వాళ్లు నేర్చుకోవాల్సింది తగ్గించి మాట్లాడటం. మొత్తం రెండు వందల మాటలు వచ్చిన పిల్లలకు ఆ రెండు వందల మాటలతోనే అరగంట విసుగు పుట్టకుండా కథ చెప్పాలి. ఏ మాట వాడొచ్చో, ఏది పిల్లలకు ఇంకా రాదో గుర్తుపెట్టుకుంటూ మాట్లాడటం చాలా అలసట కలిగించే పని. అది ఏ దేశంలో పుట్టినా పుట్టుకతో రాదు.

ఇక్కడ మన పిల్లలకు ఒక లాభం ఉంది. అది ఆ టీచరుకు తెలిసే అవకాశం దాదాపు లేదు. 'మె గుస్తా ఎల్ మాంగో' అన్న వాక్యం దగ్గర ఇంగ్లిష్ పిల్లలు నెలల తరబడి తికమకపడతారు. ఇష్టపడేది నేను కదా, మామిడిపండు కర్త ఎలా అయిందని వాళ్ల గోల. తెలుగు పిల్లలకు అది 'నాకు మామిడిపండు నచ్చుతుంది'. 'మె' అంటే 'నాకు', అంతే. స్నేహితుణ్ని 'తూ' అని, పెద్దవాళ్లను 'ఉస్తెద్' అని పిలవాలంటే మనకు నువ్వు, మీరు ఉండనే ఉన్నాయి. స్పానిష్‌లో 'త', 'ద' పలికే చోటు కూడా మన త, ద పలికే చోటే, పళ్ల వెనక. ఇంట్లో తెలుగు మాట్లాడించే తల్లిదండ్రులు తమకు తెలియకుండానే స్పానిష్ హోంవర్క్‌లో కొంత పూర్తిచేసి పెడుతున్నారన్నమాట.

ఈ క్లాసుల్లో బయటి దేశం నుంచి వచ్చినవారిని నిజంగా కుదిపేసేది భాష కాదు, బడి. స్పెయిన్‌లో గవర్నమెంటు టీచరు కావాలంటే 'ఒపొసిసియోనెస్' అనే పోటీ పరీక్ష రాయాలి. మన డీఎస్సీ లాంటిదే, కోచింగులూ ఏళ్ల తరబడి ప్రిపరేషనూ అన్నీ ఉంటాయి. అది గట్టెక్కినవారికి సబ్జెక్టు మీద పట్టుకు లోటుండదు. అక్కడ సాధారణంగా పిల్లలు ఒకే గదిలో ఉంటారు, టీచర్లు మారుతుంటారు. అమెరికా హైస్కూల్లో గది టీచరుది, గంట కొట్టగానే పిల్లలు మారతారు. గోడల మీద చార్టులతో సహా ఆ గది బాధ్యతంతా టీచరుదే. ఒక్కో టీచరు చేతికింద వందా నూటయాభై మంది పిల్లలుంటారు. అందులో కొందరికి ఐఈపీ ఉంటుంది. 1975 నాటి చట్టం ప్రకారం, వైకల్యమో నేర్చుకోవడంలో ఇబ్బందో ఉన్న పిల్లలకు విడిగా రాసే ప్రణాళిక అది. ఎవరికి పరీక్షలో ఎక్కువ టైమివ్వాలి, ఎవరిని ముందు వరుసలో కూర్చోబెట్టాలి అన్నవి అందులో ఉంటాయి. దాన్ని టీచరు పాటించి తీరాలి, లేకపోతే వ్యవహారం చట్టం దాకా పోతుంది. దానికి తోడు గ్రేడు ఎందుకు తగ్గిందని రాత్రి తొమ్మిదింటికి తల్లిదండ్రుల ఈమెయిళ్లు. ఈ విషయంలో మనవాళ్లకూ మంచి పేరే ఉంది.

ఇంటి భాష తప్పంటే

రెండో ఉద్యోగం పైకి కనిపించదు గానీ, అన్నిటికన్నా సున్నితమైనది ఇదే. అమెరికాలో ఇంట్లో స్పానిష్ మాట్లాడేవారు 4 కోట్లకు పైమాటే. వాళ్ల పిల్లలు అమ్మమ్మతో గలగలా మాట్లాడతారు, ఫోన్లో పోట్లాడతారు, టీవీ సీరియల్ చూసి ఏడుస్తారు. పేరాగ్రాఫు రాయమంటే మాత్రం చేతులెత్తేస్తారు. వీళ్లను 'హెరిటేజ్ లెర్నర్స్' అంటారు. వీళ్ల అవసరాలు వేరని దశాబ్దాలుగా చెబుతూ వస్తున్నవారిలో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ గ్వాదలూపె వాల్దెస్ ముఖ్యురాలు. వీళ్లను స్పానిష్ 1లో కూర్చోబెడితే రంగుల పేర్లు వల్లించలేక విసుగెత్తిపోతారు. స్పానిష్ 4లో కూర్చోబెడితే వ్యాకరణం పేర్లు తెలియక ఫెయిలవుతారు. వసతి ఉన్న స్కూళ్లు వీళ్లకోసం విడిగా క్లాసులు పెడతాయి.

ఈ క్లాసుకు నేటివ్ టీచరే సరైన మనిషి అని ఎవరైనా అనుకుంటారు. కానీ ఏ ఊరి నేటివ్? స్పానిష్ 20 దేశాల్లో అధికారభాష. ప్యూర్టోరికో వాటికి అదనం. మాడ్రిడ్ టీచరు 'మీరంతా' అనడానికి స్నేహితుల మధ్య 'వొసోత్రోస్' అంటారు. అమెరికా ఖండాల్లో ఎక్కడా దాన్ని మామూలు మాటల్లో వాడరు. టెక్సస్‌లో పుట్టిన మెక్సికన్ పిల్ల ట్రక్కును 'త్రోకా' అంటుంది, కారు పార్క్ చేయడాన్ని 'పార్కెయార్' అంటుంది. కొత్తగా వచ్చిన టీచరు ఎర్ర పెన్ను తీసి రెంటినీ కొట్టేసి, "ఇది స్పానిష్ కాదు" అన్నారనుకోండి. ఆ పిల్ల దృష్టిలో తప్పయింది రెండు మాటలు కావు, వాళ్ల నాన్న మాట్లాడే భాష. మర్నాటి నుంచి ఆ పిల్ల క్లాసులో నోరు విప్పదు.

ఈ బాధ మనకు కొత్త కాదు. కోస్తా జిల్లాల చదువుకున్నవారి మాటే పుస్తకాల భాషగా కూర్చున్నాక, తెలంగాణ పిల్లలూ రాయలసీమ పిల్లలూ తమ ఇంటి మాటకు బడిలో ఎన్ని నవ్వులు భరించారో రెండు తరాలకు తెలుసు. అందుకే ఈ విషయంలో నా అభిప్రాయం గట్టిది. హెరిటేజ్ క్లాసుకు మాడ్రిడ్ యాస, డిగ్రీల కంటే ముందు చూడాల్సింది ఆ పిల్లల ఇంటి మాట మీద గౌరవం. 'త్రోకా'ను కొట్టేయకుండా, దాని పక్కన 'కమియోన్' కూడా రాసి, ఏది ఎక్కడ వాడతారో చెప్పగల టీచరు ఏ దేశం నుంచి వచ్చినా ఫరవాలేదు. లాటిన్ అమెరికాలో పుట్టి అమెరికాలో పెరిగి, స్వయంగా హెరిటేజ్ విద్యార్థిగా చదువుకున్నవారు ఈ పనిలో రాణించడంలో ఆశ్చర్యం లేదు. విచిత్రం, టీచరుగా పనిచేయడానికి రాష్ట్రం ఇచ్చే లైసెన్సు కోసం రాసే స్పానిష్ పరీక్షలో రాతభాగం దగ్గర తడబడేది కూడా తరచూ వీళ్లే. ఎందుకంటే వాళ్లకు ఆ వయసులో రాయడం నేర్పిన క్లాసే లేదు.

లెక్కలు కూడా స్పానిష్‌లోనే

మూడో ఉద్యోగం డ్యూయల్ లాంగ్వేజ్ లేదా ఇమ్మర్షన్ బడుల్లో. ఇక్కడ స్పానిష్ ఒక సబ్జెక్టు కాదు. ఒకటో తరగతి పిల్లలకు కూడికలు, మొక్కల భాగాలు, నీటిచక్రం అన్నీ స్పానిష్‌లోనే చెబుతారు. కొన్ని బడుల్లో సగం రోజు స్పానిష్, సగం ఇంగ్లిష్. ఇంకొన్నింట్లో మొదటి ఏళ్లలో తొంభై శాతం స్పానిష్‌తో మొదలుపెట్టి, పై తరగతులకు వెళ్లేకొద్దీ ఇంగ్లిష్ పెంచుతారు. నేటివ్ టీచరు విలువ పూర్తిగా కనిపించేది ఇక్కడే. ఆరేళ్ల పిల్ల ముక్కు చీదుకుంటూ వచ్చి పక్కపిల్లాడి మీద చాడీ చెబితే అప్పటికప్పుడు స్పానిష్‌లోనే బుజ్జగించాలి. పుస్తకంలో నేర్చుకున్న భాషకు అక్కడ మాటలు దొరకవు.

అయితే ఇక్కడా ఎవరూ ఊహించని చిక్కులుంటాయి. స్పెయిన్ టీచరు బోర్డు మీద మూడున్నరను 3,5 అని రాస్తారు. దశాంశానికి వాళ్లు వాడేది కామా. మెక్సికోలోనూ అమెరికాలోనూ చుక్క. భాగాహారం అమెరికాలో వేసే తీరు మనకు తెలిసిందే, భాజకం ఎడమవైపున ఉంటుంది. స్పెయిన్‌లో భాజకాన్ని కుడివైపు గడిలో వేసి, జవాబు దాని కింద రాస్తారు. ఇక 'బియ్యోన్' అంటే స్పానిష్‌లో లక్ష కోట్లు, ఇంగ్లిష్ బిలియన్ అంటే వంద కోట్లు. ఇన్ని తేడాలు మోస్తూ ఆ పిల్లలు చివరికి రాసేది ఇంగ్లిష్ రాష్ట్రస్థాయి పరీక్ష. వాటిని ముందే పసిగట్టి, "ఇక్కడ ఇలా రాద్దాం" అని సర్దుకోగలగాలి. అందుకే ఇమ్మర్షన్ బడులు భాషతో పాటు ప్రాథమిక తరగతుల టీచరు లైసెన్సు కూడా అడుగుతాయి. స్పానిష్ సాహిత్యంలో ఎమ్మే చేసినవారు ఒకటో తరగతి లెక్కల క్లాసుకు పనికిరాకపోవచ్చు.

ఈ బడుల కథ 1963లో మయామిలోని కోరల్ వే ప్రాథమిక పాఠశాలతో మొదలైంది. క్యూబా విప్లవం తర్వాత ఫ్లోరిడాకు వచ్చిపడ్డ కుటుంబాల పిల్లలు, స్థానిక అమెరికన్ పిల్లలు కలిసి రెండు భాషల్లో చదువుకునే ఏర్పాటు అది. అక్కడ పాఠం చెప్పడానికి క్యూబాలో ఏళ్ల తరబడి పనిచేసిన టీచర్లు ఊళ్లోనే ఉన్నారు. కానీ ఫ్లోరిడా లైసెన్సు లేదు. అందుకని మొదట్లో వాళ్లలో పలువురిని 'ఎయిడ్' అనే సహాయకుల హోదాలో తీసుకున్నారు. లైసెన్సు వచ్చేలా మయామి యూనివర్సిటీలో వాళ్లకోసం శిక్షణ నడిపారు. తమ దేశంలో అయ్యవారు, పంతులమ్మ అనిపించుకున్నవాళ్లు ఇక్కడ సహాయకులుగా కూర్చోవడం. అరవై ఏళ్ల తర్వాత కూడా ఆ చిక్కుముడి రూపం మారిందే గానీ విడిపోలేదు.

1998లో మూసిన తలుపు

దేశంలో 4 కోట్ల మంది ఇంట్లో స్పానిష్ మాట్లాడుతుంటే, టీచర్లను సముద్రాలు దాటించి తెచ్చుకోవడమేమిటన్న సందేహం ఎవరికైనా వస్తుంది. జవాబులో పెద్ద భాగం రాజకీయం.

1968లో ద్విభాషా విద్యకు కేంద్ర చట్టం వచ్చింది. ఇంగ్లిష్ రాని పిల్లల్ని ఊరికే ఇంగ్లిష్ క్లాసులో కూర్చోబెట్టడం సమాన అవకాశం కాదని 1974లో సుప్రీంకోర్టు లావ్ వర్సెస్ నికల్స్ కేసులో తేల్చింది. ఆ కేసు వేసింది శాన్‌ఫ్రాన్సిస్కోలోని చైనీస్ కుటుంబాలు. తర్వాత గాలి మళ్లింది. 1998లో కాలిఫోర్నియా ఓటర్లు, బడుల్లో చదువు దాదాపు ఇంగ్లిష్‌లోనే సాగాలన్న ప్రొపొజిషన్ 227 అనే ప్రతిపాదనను గెలిపించారు. ద్విభాషా క్లాసులు చాలావరకు మూతబడ్డాయి. ఆరిజోనా 2000లో, మసాచుసెట్స్ 2002లో అదే దారి పట్టాయి. క్లాసులే లేనప్పుడు ఆ క్లాసుల కోసం టీచరుగా చదివేదెవరు? కాలిఫోర్నియా లాంటి చోట్ల శిక్షణ కోర్సులు బక్కచిక్కిపోయాయి.

పద్దెనిమిదేళ్ల తర్వాత, 2016లో, అదే కాలిఫోర్నియా ఓటర్లు ప్రొపొజిషన్ 58తో పాత నిషేధాన్ని ఎత్తేశారు. ఈలోగా యూటా 2008 నుంచి రాష్ట్రమంతటా ఇమ్మర్షన్ బడులు పెట్టుకుంటూ పోయింది. రెండు భాషల్లో ప్రావీణ్యం చూపిన హైస్కూలు పిల్లలకు డిప్లొమా మీద 'సీల్ ఆఫ్ బైలిటరసీ' వేసే పద్ధతిని కాలిఫోర్నియా 2011లో మొదలుపెడితే దాదాపు దేశమంతా పాకింది. ఈసారి గిరాకీ తెచ్చినవాళ్లలో ఇంగ్లిష్ మాట్లాడే మధ్యతరగతి తల్లిదండ్రులు, వాళ్లతో పాటు మనవాళ్లూ ఉన్నారు. ఒకప్పుడు వలస కూలీల పిల్లల భాష అని చిన్నచూపు చూసిన స్పానిష్, ఇప్పుడు కాలేజీ అప్లికేషన్‌లో మెరిసే గీత అయింది. క్లాసులు ఏడాదిలో తెరవొచ్చు, టీచర్లు ఏడాదిలో తయారవరు. ఆ ఖాళీని పూడ్చడానికే విదేశాల వైపు చూపు.

వచ్చే దారులు, పోయే దారి

హెచ్-1బి అంటే మనకు కంఠోపాఠం. విదేశీ టీచర్లలో ఎక్కువమంది వచ్చేది మాత్రం జె-1 మీద. 1961 నాటి సాంస్కృతిక వినిమయ చట్టం కింద నడిచే ఈ వీసా లెక్కలో వాళ్లు వలసదారులు కారు, అతిథులు. ఉద్యోగంలో నిజానికి ఎవరూ వాళ్లను అతిథుల్లా చూడరు, అది వేరే సంగతి. రావాలంటే అమెరికా బ్యాచిలర్స్‌కు సమానమైన డిగ్రీ, రెండేళ్ల బోధనానుభవం, తగిన ఇంగ్లిష్ ఉండాలి. పనిచేయబోయే రాష్ట్రం అడిగే ప్రమాణాలకూ సరితూగాలి. మొదట మూడేళ్లు, పొడిగిస్తే ఐదేళ్లు. ఆ తర్వాత వెళ్లిపోవాలి. మళ్లీ టీచరుగా ఇదే దారిలో రావాలంటే కనీసం రెండేళ్లు అమెరికా బయట ఉండి రావాలి. జె-2 మీద వచ్చిన భార్య లేదా భర్త వర్క్ పర్మిట్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. హెచ్-4 మీద ఏళ్ల తరబడి ఎదురుచూసిన తెలుగు ఇల్లాళ్లకు ఇది చదివితే కాస్త అసూయ కలగొచ్చు.

స్పెయిన్ విద్యాశాఖ 1980ల నుంచీ తమ టీచర్లను విజిటింగ్ టీచర్లుగా అమెరికా రాష్ట్రాలకు పంపుతోంది. కొలంబియా, మెక్సికో తదితర దేశాలవారు ఎక్కువగా స్పాన్సర్ సంస్థల ద్వారా వస్తారు. ప్యూర్టోరికో వాళ్లది అన్నిటికన్నా నేరుగా ఉన్న దారి. వాళ్లు అమెరికా పౌరులే, వీసా గొడవే లేదు. అందుకే టెక్సస్ స్కూలు జిల్లాలు విమానమెక్కి వెళ్లి అక్కడ ఇంటర్వ్యూలు పెడతాయి.

వీసా కేంద్రం ఇస్తుంది, లైసెన్సు రాష్ట్రం ఇస్తుంది. ఒకదానికి రెండోదానితో సంబంధం లేదు. యాభై రాష్ట్రాలకు యాభై రూల్సు. చాలా రాష్ట్రాలు ప్రాక్సిస్ అనే పరీక్షలో స్పానిష్ పేపరు అడుగుతాయి. టెక్సస్‌లో ద్విభాషా టీచర్లకు బీటీఎల్‌పీటీ అనే విడి పరీక్ష ఉంది. కాలిఫోర్నియాది మళ్లీ వేరే దారి. విదేశీ డిగ్రీని ముందు మదింపు సంస్థకు పంపి, మార్కుల పత్రాలు అనువదించి, ఏ కోర్సు దేనికి సమానమో తేల్చుకోవాలి. సొంత డబ్బు పెట్టి డిగ్రీ ఇవాల్యుయేషన్ చేయించుకున్న తెలుగు ఇంజనీర్లకు ఇది వివరించనక్కర్లేదు.

ఐదేళ్లు దాటి ఉండాలనుకునేవారు హెచ్-1బి వైపు చూస్తారు. అక్కడ లాటరీలో మన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లతోనే పోటీ. మామూలు స్కూలు జిల్లాలకు యూనివర్సిటీల మాదిరి కోటా మినహాయింపు తనంతట తాను రాదు. పైగా 2025 సెప్టెంబరులో కొత్త పిటిషన్ల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. విదేశంలో ఉన్నవారిని తెచ్చుకోవాలంటే అది కట్టాలన్నారు. ఏ గవర్నమెంటు బడి ఒక్క టీచరు కోసం అంత కడుతుంది? 2023-24లో అమెరికా టీచర్ల సగటు జీతమే ఏడాదికి 72 వేల డాలర్ల దగ్గర ఉంది. కాలిఫోర్నియా సగటు లక్ష దాటితే ఫ్లోరిడా 55 వేల దగ్గరే ఆగింది.

జె-1లో ఇంకో మెలిక ఉంది. ప్రభుత్వ డబ్బుతో వచ్చినా, 'స్కిల్స్ లిస్ట్' అనే జాబితాలో తమ దేశం, వృత్తి ఉన్నా, రెండేళ్లు స్వదేశంలో ఉంటే గానీ హెచ్-1బికీ గ్రీన్‌కార్డుకూ అర్హత రాదు. 2024 డిసెంబరులో ఆ జాబితా నుంచి భారత్, కొలంబియా సహా చాలా దేశాలను తీసేశారు. కొలంబియా టీచర్లలో పలువురికి అది పెద్ద ఊరట.

ఇక దళారుల సంగతి. కన్సల్టెన్సీల చేతిలో నలిగిన కథలు మన దగ్గర ఇంటికొకటి ఉంటాయి. టీచర్ల లోకంలోనూ ఉన్నాయి. ఫిలిప్పీన్స్ నుంచి లూసియానా బడులకు హెచ్-1బి మీద వచ్చిన దాదాపు 350 మంది టీచర్ల దగ్గర రిక్రూటింగ్ ఏజెన్సీ వేల డాలర్ల చొప్పున ఫీజులు గుంజింది. వాళ్లు కోర్టుకెక్కితే 2012లో కాలిఫోర్నియాలోని ఫెడరల్ జ్యూరీ 45 లక్షల డాలర్లు ఇప్పించింది. వాళ్లు స్పానిష్ టీచర్లు కారు, కానీ ఆఫర్ లెటర్ చేతికి రాకముందే ఫీజు అడిగే ఏజెన్సీకి భాషతో పనేముంది?

బడి వైపు నుంచి చూస్తే అసలు నష్టం గడువులో ఉంది. మొదటి ఏడాది బడి పద్ధతులు అర్థం చేసుకోవడానికి, రెండో ఏడాది నిలదొక్కుకోవడానికి సరిపోతుంది. మూడో ఏట పాఠం గాడిన పడుతుంది, పిల్లల తల్లిదండ్రులు పేరు పెట్టి పలకరిస్తారు. పొడిగింపు దొరక్కపోతే ఆ వేసవికే సామాన్లు సర్దుకోవాలి. ఇమ్మర్షన్ బడిలో కిండర్‌గార్టెన్‌లో చేరిన పిల్ల ఐదో తరగతి దాటేలోపు ఆ బడి స్పానిష్ టీచర్లలో సగం మంది మారిపోయినా వింతేమీ లేదు. నేటివ్ టీచర్లతో అంతా అద్భుతంగా నడుస్తోందని చెప్పుకునే బడిని, వాళ్లు ఎన్నేళ్లుగా ఉన్నారని కూడా అడగాలి.

ఉద్యోగ ప్రకటనలో 'నేటివ్ స్పీకర్లు మాత్రమే' అని రాయడం కూడా చిక్కే. 1964 పౌరహక్కుల చట్టం ఏడో భాగం, పుట్టిన దేశాన్ని బట్టి ఉద్యోగంలో వివక్ష చూపడాన్ని నిషేధించింది. పనికి అవసరమైన స్థాయి భాషాప్రావీణ్యం అడగొచ్చు, పరీక్ష పెట్టి తేల్చుకోవచ్చు. ఎక్కడ పుట్టావన్నది అర్హత చేస్తే కోర్టు మెట్లెక్కాల్సి రావచ్చు. తెలివైన జిల్లాలు యాక్ట్‌ఫుల్ మౌఖిక పరీక్షలో ఫలానా స్థాయి ఉండాలని రాసి ఊరుకుంటాయి.

హైదరాబాద్‌లో

మన దగ్గర 2020 జాతీయ విద్యావిధానం సెకండరీ స్థాయిలో నేర్పదగిన విదేశీ భాషల్లో స్పానిష్‌ను పేర్కొంది. హైదరాబాద్‌లో ఐబీ, కేంబ్రిడ్జ్ సిలబస్ నడిపే స్కూళ్లలో స్పానిష్ కనిపిస్తుంది. తార్నాక దగ్గరి ఇఫ్లూలో, అంటే ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో, స్పానిష్ డిగ్రీ కోర్సులున్నాయి. ఐబీలో 'అబ్ ఇనిషియో' అనే కోర్సు బొత్తిగా భాష రానివాళ్ల కోసం, రెండేళ్లలో పరీక్షకు తయారుచేయాలి. పైన చెప్పిన మూడింట్లో ఇది అచ్చంగా మొదటి రకం ఉద్యోగం. సెర్, ఎస్తార్‌ల దగ్గర తెలుగు పిల్లవాడు ఎక్కడ తడబడతాడో, 'మె గుస్తా' దగ్గర ఎందుకు తడబడడో ఇఫ్లూలో చదువుకున్న తెలుగు టీచరుకు తెలిసినంతగా బార్సిలోనా నుంచి దిగినవారికి తెలియదు. ఫీజు రసీదు మీద ఆ తేడా కనిపించదు గనక స్కూలు బ్రోషర్లు దాన్ని ప్రచారం చేయవు.

నిజంగానే విదేశీ టీచరును తెచ్చుకోవాలనుకునే స్కూలుకు మన వీసా రూల్సులో ఒక వెసులుబాటు ఉంది. ఎంప్లాయ్‌మెంట్ వీసా మీద వచ్చే విదేశీయులకు ఏడాదికి కనీసం 16.25 లక్షల రూపాయల జీతం ఉండాలన్నది నిబంధన. కొద్దిమందికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. తమ దేశపు వంట వండే వంటవాళ్లు వాళ్లలో ఒకరైతే, భాషా టీచర్లు ఇంకొకరు. అందులోనూ ఇంగ్లిష్ టీచర్లకు ఆ మినహాయింపు లేదు. అంటే పెరూ రాజధాని లిమా నుంచి స్పానిష్ టీచరును నెలకు అరవై వేలకు కూడా తెచ్చుకోవచ్చు, లండన్ నుంచి ఇంగ్లిష్ టీచరును ఆ జీతానికి తేలేరు. అరవై వేలకు లిమా నుంచి ఎవరు వస్తారన్నది స్కూలు యాజమాన్యం ఆలోచించుకోవాల్సిన విషయం.